కుక్కను పిలిస్తే కోళ్ళొచ్చాయి

సెకెసాయి కుక్క పేరు ముచనేత. వాళ్ళ షోనా భాషలో దానికి "మీకే ఓపిక చచ్చిపోతుంది" అని అర్థం. కుక్కకి అదేం పేరని ఊళ్ళో ఎవరూ అడగరు. ఆ బికిటా కొండల్లో కుక్కకి పేరు పెట్టేది కుక్క కోసం కాదు, కంచె అవతలివాళ్ళ కోసం. అదే మాట మొహం మీద అంటే తగువు, ఊరిపెద్ద ముందు నిలబడడం, తప్పు ఒప్పుకుని మేకనో కోడినో సమర్పించుకోవడం. కుక్కని పిలిస్తే మాత్రం ఎవరేం అనగలరు? కూడు వేళయింది, పిలిచాను, అంతేగా!

కంచె అవతల ఉండేది ఆమె బావగారు మార్వెయి, చనిపోయిన భర్తకి సొంత అన్న. ఐదేళ్ళ కిందట, భర్త పోయిన ఏడాదికి, చుట్టాలందర్నీ కూర్చోబెట్టి సెకెసాయి చేతికి నీళ్ళ గిన్నె ఇచ్చారు. ఆమె ఆ గిన్నె ఎవరికి అందిస్తే ఆమెకీ ఆమె పొలానికీ ఇక అతనే దిక్కు. మార్వెయి ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. గిన్నె అందుకోవడానికి సిద్ధంగా చేతులు కూడా కడుక్కున్నాడు. సెకెసాయి అతని ముందు నుంచే నిదానంగా నడిచి వెళ్ళి, ఎనిమిదేళ్ళ కూతురు రోపా చేతుల్లో గిన్నె పెట్టింది. "నాకు దిక్కు ఇదిగో, ఇదే" అంది. ముసలమ్మలు నోళ్ళు నొక్కుకున్నారు. మార్వెయి చేతుల తడి ఆరకముందే లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అతని కన్ను ఆమె పొలం మీద పడింది. కొండ కింద నల్లటి చెమ్మనేల, వాన సగమే కురిసినా మొక్కజొన్న నిలబడే నేల. తిట్టి చూశాడు, కంచె జరిపి చూశాడు, చివరికి ఊరిపెద్ద చెవిలో జోరీగలా దూరాడు. "ఆడది ఒక్కతే ఆ పొలం కాయగలదా పెద్దయ్యా? కొండ నిండా బబూన్ కోతులు. ఏటా సగం పంట వాటి పొట్టలోకే పోతోంది" అని. ఊరిపెద్ద విని విని విసిగి, ఈ ఏడు వానల ముందు ఒక మాట తేల్చాడు. కోతలకి ఆమె గాదె నిండితే పొలం ఆమెదే, మళ్ళీ నోరెత్తకూడదు. నిండకపోతే పొలం మార్వెయి చేతికి.

అందుకని ఆ ఏడు సెకెసాయి ప్రాణమంతా కంకుల మీదే ఉంది. ఆ కంకుల ప్రాణం కుక్క మీద ఉంది. రోపా దూరంగా బడి హాస్టల్లో ఉంటోంది, నిజం చెప్పాలంటే ఆ పొలం కాసేది ముచనేతే. ఎర్రమట్టి రంగు, ఎండిన కట్టెలాంటి ఒళ్ళు, ఎడమ చెవి సగమే. మిగతా సగం ఒక ముసలి బబూన్ పళ్ళ మధ్య పోయింది. ఆ బబూన్ సంగతి ఏమైందో సెకెసాయి ఎవరు అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

సెకెసాయి కుక్కకి ఆ పేరు పెట్టిన నెలకే మార్వెయి ఎక్కడి నుంచో ఒక నల్లకుక్కని తెచ్చి దానికి తిచవోన అని పేరు పెట్టాడు. "చూస్తాంగా" అని దానర్థం. ఇక ప్రతి పొద్దుగూకే వేళా రెండిళ్ళ మధ్య సంవాదం మొదలైంది. "ముచనేతా!" అని ఇటు నుంచి. "తిచవోనా!" అని అటు నుంచి. మీకే ఓపిక చచ్చిపోతుంది. చూస్తాంగా. రోజూ ఇదే, వానొచ్చినా ఎండొచ్చినా.

ఇందులో ఒక తమాషా ఉంది. పేరు పెట్టింది మార్వెయి, పిలవాల్సింది మాత్రం అతని భార్య రిందాయి. అంత పెద్దమనిషి కుక్కకి కూడు పెడితే పరువు పోదూ? రిందాయి మెత్తటి మనిషి, గొంతు కూడా మెత్తనిదే. మొదట్లో ఆమె పిలుపు వాకిలి దాటేది కాదు. "గట్టిగా పిలువు, ఆవిడకి వినపడాలి" అని మార్వెయి లోపలి నుంచి అదిలించి అదిలించి ఆమెకి ఆ గొంతు తెప్పించాడు. ఒకప్పుడు ఈ తోడికోడళ్ళిద్దరూ ఒకే వరసలో కలుపు తీసినవాళ్ళు, ఒకే రోట్లో వేరుశనగలు దంచినవాళ్ళు. నాలుగేళ్ళుగా వాళ్ళ మధ్య కుక్కల పేర్లు తప్ప వేరే మాట లేదు.

సోమవారం సాయంత్రం సెకెసాయి మొక్కజొన్న పిండితో వండిన సద్జా ముద్ద మీద ఎండుచేపల పులుసు పోసి, నడుం మీద చెయ్యి వేసుకుని పిలిచింది. ముచనేత గుంజల మీది గాదె కింది నుంచి తల ఎత్తి చూసింది, తోక ఒకసారి కదిపింది, మళ్ళీ తల వాల్చేసింది.

"ఏంటే, ఎవరింట్లో విందు? ఎవరి మేకో ఈని ఉంటుంది, మాయ మింగొచ్చావా?" అంది సెకెసాయి. పెద్దగా పట్టించుకోలేదు. ఒక పూట తినకపోతే కుక్కకి ఏమవుతుంది? మర్నాటిదాకా ముద్ద అలాగే ఉంది. చీమలు పట్టాయి.

మంగళవారం సాయంత్రం పిలిస్తే ముచనేత తల కూడా ఎత్తలేదు. కూడు దాని మూతి దగ్గర పెట్టింది. వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. అదే సమయానికి అవతలి నుంచి పిలుపు వచ్చింది. "తిచవోనా!" ఎప్పటికంటే గట్టిగా, ఎప్పటికంటే సాగదీసి. సెకెసాయి ఒళ్ళు మండింది. ఇవతల కుక్క పడుకుందని వాసన పట్టేశారా ఏం? అదే జరిగితే రేపు పొద్దున్నే మార్వెయి ఊరిపెద్ద గుమ్మంలో ఉంటాడు.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. ఎంత తెలివైనవాళ్ళకైనా పంతం పట్టినప్పుడు బుర్ర గడ్డి తింటుందనడానికి ఆ పనే సాక్ష్యం. పళ్ళెం చేత్తో పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళి, గొంతు చించుకుని, "ముచనేతా! మెల్లిగా తిను, ఎవరూ లాక్కోరు!" అని అరుస్తూ, ముద్దంతా కోళ్ళకి విసిరేసింది. కోళ్ళు సంబరపడ్డాయి. బుధవారం పొద్దున ఎందుకో కుక్కని పేరు పెట్టి పిలిచేసరికి ఎనిమిది కోళ్ళూ రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ చుట్టూ మూగాయి. సెకెసాయికి నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే గాదె కింద కుక్క కదల్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం బబూన్లు దిగాయి. సెకెసాయి పొలంలోనే ఉంది. కుక్కని చేతులతో మోసుకెళ్ళి పందిరి నీడలో పడుకోబెట్టుకుంది. మంద రాగానే ముచనేత చెవులు నిలబడ్డాయి. లేవబోయింది. ముందుకాళ్ళు లేచాయి, వెనకకాళ్ళు మడత పడిపోయాయి. మళ్ళీ లేవబోయింది, మళ్ళీ పడింది. పడిన చోటి నుంచే మొరిగింది, ఆ మొరుగు దగ్గులా వచ్చింది. సెకెసాయి రేకు పళ్ళెం కర్రతో బాదుకుంటూ గట్టు పొడవునా పరుగెత్తి వాటిని తరిమింది. రెండు వరసల కంకులు పోయాయి. ఆయాసపడుతూ తిరిగొచ్చేసరికి కుక్క పడుకున్న చోటే ఉచ్చ పోసుకుని ఉంది. ఆ తడి పాలు పోయని టీ రంగులో ఉంది.

ఆమె ఆ పక్కనే కూలబడింది. ఆవు ఒక్క పూట నెమరు వేయకపోతే ఆ పూటే డాక్టర్ కోసం పరుగెత్తే ఊరు అది. ఆవు ఉచ్చ ఎర్రబడితే పసిపిల్లలు కూడా చెబుతారు, అమ్మో జబ్బు అని. కుక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడో తినొచ్చిందిలే అంటారు. ఆమె కూడా అలాగే అంది. పైగా మూడు రోజులు దాచింది. కోళ్ళని మేపింది, పరువుని మేపింది, కుక్కని మాత్రం చావుకి వదిలేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. సగం చెవి మీద చెయ్యి వేసి, "చస్తే నీ పేరు నా మొహాన కొట్టి పోతావు కదే" అని ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని లేచింది. మర్నాడు గురువారం. పశువుల్ని ముంచే రోజు.

వానాకాలంలో ప్రతి గురువారం చుట్టుపక్కల పశువులన్నీ మందునీళ్ళ గుంట దగ్గరికి వస్తాయి. సిమెంటు కాలవలాంటి ఆ గుంటలో ఒక పక్కన దూకించి రెండో పక్కన ఎక్కిస్తే ఒంటి మీది గోమార్లు చస్తాయి. పశువుల డాక్టరమ్మ చివేషె పన్నెండింటి వరకు అక్కడే ఉంటుంది. గుంట దగ్గరికి రెండు దారులు. వాగు వెంట చుట్టూ తిరిగి పోతే ఎవరికీ కనపడక్కర్లేదు, గంట ఎక్కువ పడుతుంది. రెండోది మార్వెయి వాకిలి ముందు నుంచి.

గురువారం తెల్లవారాక సెకెసాయి కుక్కని ఒంటిచక్రం బండిలో గోనెసంచి మీద పడుకోబెట్టింది, ఇంకో గోనె పైన కప్పింది. వాగు దారి మొదట్లో ఒక నిమిషం నిలబడింది. లోపల నుంచి కుక్క ఊపిరి గుర్రుగుర్రుమని వినిపిస్తోంది. గంట! పైన కప్పిన గోనె తీసి అవతల పారేసి, బండి తిప్పి, తిన్నగా మార్వెయి వాకిలి వైపు తోసింది.

మార్వెయి దొడ్డి గేటు దగ్గర పశువుల్ని బయటికి తోలుతున్నాడు. బండి చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఏంటి రోపా వాళ్ళమ్మా, పొద్దున్నే ఎరువు తోలుతున్నావా?"

"కళ్ళు బాగానే ఉన్నాయిగా బావగారూ. కుక్కని తీసుకెళ్తున్నా, డాక్టరమ్మ దగ్గరికి."

"కుక్కకి డాక్టరా!" అని మార్వెయి పశువులకి కూడా వినిపించేలా నవ్వాడు. "దానికే ఓపిక చచ్చిపోయినట్టుందే! రిందాయీ! ఇలా రా, ఈ వింత చూద్దువుగాని. మనదాన్ని కూడా పిలువు, కుక్కంటే ఎలా ఉంటుందో ఈవిడ చూస్తుంది."

రిందాయి వంటపాక గుమ్మంలోకి వచ్చింది. తల ఎత్తలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది, తుడుచుకుంటూనే ఉంది.

"పిలవమంటుంటే!"

"తిచవోనా" అంది రిందాయి.

పాక వెనక నుంచి రెక్కల చప్పుడైంది. ముందు పుంజు, దాని వెనక పెట్టలు, వాటి వెనక పిల్లలు, వాకిలంతా దుమ్ము రేపుకుంటూ వచ్చి రిందాయి కాళ్ళ చుట్టూ మెడలు చాచి నిలబడ్డాయి. కుక్క రాలేదు.

"బలిసి ఎక్కడో తిరుగుతోంది" అన్నాడు మార్వెయి.

సెకెసాయి కోళ్ళ వంక చూసింది. తర్వాత రిందాయి వంక చూసింది. తన ఇంటి వెనక తను చేసిందంతా ఈ వాకిట్లో కళ్ళకు కట్టినట్టు కనిపించింది. నాలుగేళ్ళ తర్వాత ఆమె తోడికోడలితో మాట్లాడింది.

"అక్కా, కోళ్ళకి పేరు బాగా అలవాటైనట్టుందే. మా కోళ్ళకీ అంతే. మీ కుక్క ముద్ద ముట్టి ఎన్నాళ్ళయింది?"

రిందాయి నోరు తెరవబోయింది. జవాబు మార్వెయి చెప్పాడు. "మా కుక్క నిన్న రాత్రి కూడా పళ్ళెం నాకేసింది! నీ దరిద్రం మా వాకిట్లో దింపకు, నడు!"

"నేను మిమ్మల్ని అడగలేదు బావగారూ, పిలిచే ఆవిణ్ణి అడిగాను. అక్కా, డాక్టరమ్మ పన్నెండింటి దాకా ఉంటుంది" అని సెకెసాయి బండి ఎత్తి తోసుకుపోయింది.

గుంట దగ్గర వంద పశువులు, వాటి వెనక మగవాళ్ళు. దుమ్ము, మందు కంపు, అదిలింపులు. ఆ మధ్యలోకి ఒక ఆడమనిషి ఒంటిచక్రం బండిలో కుక్కని తోసుకొస్తే ఎవరు ఊరుకుంటారు?

"ఓ రోపా వాళ్ళమ్మా, కుక్కని కూడా ముంచుతావా ఏంటి?" అని కంచె మీద కూర్చున్న ఒకడు అరిచాడు.

"ముందు నిన్ను ముంచమంటాను. నీ మీదే ఎక్కువ పాకుతున్నాయి" అంది సెకెసాయి నడక ఆపకుండా. నవ్వులు అటు తిరిగాయి. ఊరిపెద్ద చింకి గొడుగు కింద కూర్చుని పశువుల లెక్క చూస్తున్నాడు. తల ఎత్తి బండి వంక ఒకసారి చూసి, మళ్ళీ తల దించాడు. ఆ చూపు సెకెసాయికి గుచ్చుకుంది. పొలం సంగతి ఆయన మనసులో ఉంది మరి.

డాక్టరమ్మ చివేషె పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వంగి కుక్క పైపెదవి ఎత్తింది. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాల్సినవి గోడకి కొట్టిన సున్నంలా ఉన్నాయి. బొటనవేలితో నొక్కి చూసింది. చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య వెతికి, రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన గోమార్లు మూడు పీకి చూపించింది.

"ఎప్పట్నుంచి తినట్లేదు?"

చుట్టూ మగవాళ్ళు చెవులు రిక్కించారు. నిన్నటి నుంచే అంటే అయిపోతుంది. మార్వెయి తన పశువుల్ని తోలుకుని అప్పుడే వచ్చి గుంట పక్కన నిలబడ్డాడు. సెకెసాయి అతని వంక చూస్తూనే జవాబు చెప్పింది.

"సోమవారం నుంచి. ఒంట్లో బాగాలేదని అవతలివాళ్ళకి తెలుస్తుందని దాచాను. దాన్ని పిలుస్తూ కూడు కోళ్ళకి వేశాను. నా తప్పే. దానికేం తెలుసు పాపం, నా పంతాలు?"

అంత నిజం చెబుతుందని ఎవరూ అనుకోలేదు. కంచె మీద నవ్వులు ఆగిపోయాయి.

డాక్టరమ్మకి మాత్రం కోపం వచ్చింది. "వినండి, మీ అందరికీ చెబుతున్నా, ప్రతి ఊళ్ళోనూ ఇదే గోల. కుక్క ఒక పూట మానేసినా నీళ్ళు తాగుతూ, తోకాడిస్తూ, తిరుగుతూ ఉంటే ఒక రోజు చూడండి, పర్లేదు. రెండో రోజు కూడా ముట్టకపోయినా, పడుకున్నది లేవకపోయినా, చిగుళ్ళు తెల్లబడినా, ఉచ్చ రంగు మారినా ఇక ఆగకూడదు. ఆవుకి ఎర్రనీళ్ళ జబ్బొస్తే చీకట్లో కూడా నా తలుపు కొడతారు కదా? ఇది దాని చెల్లెలే! దీన్నీ గోమారే కుట్టి ఎక్కిస్తుంది, అది లోపల రక్తాన్ని తినేస్తుంది. మంగళవారం వచ్చి ఉంటే ఈపాటికి ఇది నీ కాలు నాకేది."

"బతుకుతుందా అమ్మా?" అంది సెకెసాయి.

"సూది వేస్తాను. రేపు సాయంత్రానికి నోరు తెరిచి కూడు తింటే బతికినట్టే. తినకపోతే నన్నేమీ అడక్కు."

సూది వేసి, చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచింది. "కుక్క పేరు?"

"ముచనేత."

డాక్టరమ్మ కలం ఆపి, అంతసేపట్లో మొదటిసారి నవ్వింది. "ఈ పుస్తకంలో కుక్కలు లేవమ్మా, అన్నీ తగాదాలే. ఇదిగో చూడు. 'నీ పని చూసుకో', గోధుమరంగు మగది. 'అత్తకన్నీ తెలుసు', ఆడది, రెండేళ్ళు. 'చాటున మాట్లాడకండి', ముగ్గురు అన్నదమ్ముల కుక్కలు, మూడింటికీ అదే పేరు!" గుంట చుట్టూ మగవాళ్ళు తలలు గోక్కున్నారు. అందులో సగం పేర్లు వాళ్ళు పెట్టినవే.

అదను చూసి మార్వెయి ముందుకొచ్చాడు. "పెద్దయ్యా, మీరే చూశారు. ఆ పేరు పెట్టుకున్న కుక్కే చతికిలబడింది. నిన్న బబూన్లు రెండు వరసలు తినేశాయట. ఇక కోతల దాకా ఎందుకు? ఆ పొలానికి కాపలా లేదు."

"కుక్క పడింది, నేను పడ్డానా?" అంది సెకెసాయి. "ఇది లేచేదాకా గట్టు మీద నేనే ఉంటా. రేకు పళ్ళెం ఉంది, గొంతు ఉంది. నా గొంతు సంగతి మీకు తెలీదా బావగారూ, నాలుగేళ్ళు వింటూనే ఉన్నారుగా! ముందు మీ కుక్క సంగతి చూసుకోండి. అది కూడా తినట్లేదు."

"అబద్ధం! నిన్న కూడా పళ్ళెం ఖాళీ చేసింది!"

"చేసింది మీ కోళ్ళు."

కంచె మీద ఒకడు ఫక్కున నవ్వాడు. మార్వెయి ఏదో అనబోయి, దారి వైపు చూసి నోరు అలాగే తెరిచి ఉండిపోయాడు.

దారిన రిందాయి వస్తోంది. నెత్తి మీద బట్టలుతికే రేకు తొట్టి. ఒక చేత్తో అంచు పట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని, చెమటలు కారుతున్నా తుడుచుకోకుండా వస్తోంది. తొట్టి అంచు మీద నుంచి ఒక నల్లటి తోక వేలాడుతోంది.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" అన్నాడు మార్వెయి. గట్టిగా అందామనుకున్నాడు, అంత మంది ముందు గొంతు సగమే లేచింది.

రిందాయి అతన్ని దాటుకుని ముందుకొచ్చింది. ఎదురెళ్ళి తొట్టికి రెండో పక్కన చెయ్యి వేసింది సెకెసాయి. ఇద్దరూ కలిసి కిందికి దించారు. ఆ బరువు ఇద్దరి చేతుల మీదుగా దిగుతున్నప్పుడు రిందాయి, "మంగళవారం నుంచి" అని మెల్లిగా అంది. "నీ పిలుపు విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది చెల్లీ. నీది తింటోంది, నాది తినట్లేదు అనుకునేదాన్ని."

"నేనూ అంతే అక్కా" అంది సెకెసాయి. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరమ్మ నల్లకుక్క పెదవి ఎత్తింది. "ఇదీ అదే. కానీ దానికంటే నయం, ఇంకా రంగు ఉంది. ఒక రోజు ముందొచ్చినట్టు లెక్క" అంటూ సూదిమందు ఎక్కించింది. తర్వాత రిజిస్టరు ముందుకు లాక్కుంది. "పేరు?"

"తిచవోన" అన్నాడు మార్వెయి. "రాసుకో. తిచవోన."

"కాదు" అంది రిందాయి.

అక్కడున్న ఎవరికీ రిందాయి నోట ఆ మాట విన్న గుర్తు లేదు. ఊరిపెద్ద గొడుగు కొంచెం పైకెత్తాడు.

"దాని పేరు న్దనేత" అంది రిందాయి.

న్దనేత అంటే, "నాకు ఓపిక అయిపోయింది" అని.

"ఏంటే నువ్వనేది?" అన్నాడు మార్వెయి. "దాని పేరు నేను పెట్టాను!"

"పెట్టారు. నాలుగేళ్ళు నా గొంతుతో పిలిపించారు. ముద్ద పెట్టేది నేను. రెండు రోజులు అది ముట్టకపోతే, అదే లేస్తుందిలే, ఎవరికీ చెప్పకే, పిలుస్తూనే ఉండు, కోళ్ళకి వెయ్యి అన్నది మీరు. నెత్తి మీద మోసుకొచ్చింది నేను." ఆమె గొంతు ఆగలేదు. నాలుగేళ్ళు కంచె అవతలికి అరిచి అరిచి గట్టిపడిన గొంతు అది, దాన్ని అలా తయారుచేసింది కూడా ఆయనే. "ఇకనుంచి పొద్దుగూకితే నేను పిలవబోయే పేరు ఇదే. కావాలంటే పాత పేరుతో మీరే పిలుచుకోండి, ముద్ద కూడా మీరే పెట్టండి. రాయమ్మా, న్దనేత."

డాక్టరమ్మ రాసింది.

ఊరిపెద్ద నవ్వాపుకోలేక దగ్గుతూ గొడుగు పక్కన పెట్టాడు. "షుంబా" అని మార్వెయిని వంశం పేరుతో పిలిచాడు. షుంబా అంటే సింహం. "కోతలకి చూద్దామన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. ఈలోగా నా గుమ్మానికి రాకు. నీ వాకిట్లో పిలుపుకే నువ్వు చెప్పుకోవాల్సిన జవాబు చాలా ఉన్నట్టుంది." సింహం తన పశువుల వెనక్కి వెళ్ళిపోయింది.

శుక్రవారం పగలంతా సెకెసాయి గట్టు మీదే ఉంది, పళ్ళెం మోగిస్తూ. మధ్యాహ్నం అవతలి గట్టు మీద ఇంకో పళ్ళెం మోగింది. రిందాయి ఇటు చూడనైనా చూడలేదు, ఊరికే నిలబడి మోగించింది. బబూన్లు కొండ దిగలేదు.

పొద్దు వాలాక సెకెసాయి సద్జా ముద్ద చిన్నది చేసి, మజ్జిగ పోసి మెత్తగా పిసికి, ముచనేత మూతి దగ్గర పెట్టింది. పిలవలేదు. పిలవడానికి నోరు రాలేదు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. కుక్క కళ్ళు తెరిచింది. వాసన చూసింది. చాలాసేపు ఊరుకుంది. అంతసేపూ సెకెసాయి పడ్డంత భయం ఆమె తన భర్త పోయిన రోజు కూడా పడలేదు. తర్వాత నాలుక బయటికొచ్చింది. ఒకసారి నాకింది. ఇంకోసారి. ఒక ముద్ద మింగింది.

అప్పుడే కంచె అవతలి నుంచి పిలుపు లేచింది. "న్దనేతా!" కొండకి తగిలి తిరిగొచ్చేంత గట్టిగా. ఆ వెనకే కోళ్ళ రెక్కల చప్పుడు, ఆ వెనక మార్వెయి పొడి దగ్గు. ఇక రోజూ సొంత వాకిట్లో కూర్చుని వినాల్సిన పేరు అది.

సెకెసాయి లేచింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. ఊపిరి నిండా తీసుకుని పిలిచింది, "ముచనేతా!"

ఇంటి వెనక నుంచి ఎనిమిది కోళ్ళూ దూసుకొచ్చి తిన్నగా కుక్క పళ్ళెం మీద పడబోయాయి. ముచనేత లేవలేదు, ఇంకా లేచే ఓపిక లేదు. పళ్ళెం మీద ముందుకాలు వేసి, పెదవి పైకి లేపి, పళ్ళు చూపించి గుర్రుమంది. కోళ్ళు వెనక్కి తగ్గాయి.

"అదీ!" అంది సెకెసాయి కళ్ళు తుడుచుకుంటూ. ఈసారి కొండ వైపు తిరిగి, అక్కడి బబూన్లకి కూడా వినిపించేలా మళ్ళీ పిలిచింది.